గాజు తొట్టి కింద చీకటి తొట్టి: ఉప్పునీటి సంపు ఎక్కడినుంచి వచ్చింది?

రాజుపాలెం నుంచి మాట్లాడుతున్నాను. ఈమధ్య నన్ను చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, సాల్ట్ వాటర్ ట్యాంకుకి తక్కువ ఖర్చులో సంపు ఎలా కట్టుకోవాలి?" చెప్తాను. కానీ ఇవాళ ముందు దాని చరిత్ర చెప్తాను. బోర్ కొడుతుందని స్కిప్ చేయకండి. సంపులో ప్రతి గదికీ, ప్రతి పైపుకీ వెనక ఒక కథ ఉంది. ఆ కథ తెలిస్తే ఏది తీసేసినా పర్లేదో, ఏది తీస్తే చేప చచ్చిపోతుందో మీకే తెలిసిపోతుంది. చౌకగా కట్టడం అంటే అసలు కిటుకు అదే కదా.

ముందు మాట సంగతి. సంపు అనగానే మనకి గుర్తొచ్చేది ఇంటి ముందు భూమిలో కట్టించే నీళ్ల తొట్టి. కుళాయి నీళ్లు అందులో పడతాయి, మోటారు వేస్తే పైనున్న ట్యాంకుకి ఎక్కుతాయి. నేను ఇంట్లో సంపు కడుతున్నానంటే మా పక్కింటి పెదనాన్న "ఏరా అబ్బాయ్, హాల్లో గుంట తవ్వుతావా?" అన్నాడు. నిజానికి ఆయన అన్నది మరీ తప్పేం కాదు. ఇంగ్లీషులోకి ఈ మాట పాత డచ్చి, జర్మన్ భాషల వైపు నుంచి వచ్చింది. మొదట బురదనేల అని అర్థం. తర్వాత గనుల్లో నీళ్లు చేరే గుంటని సంప్ అన్నారు. అక్కణ్ణించి మన ఇళ్లకొచ్చింది, అక్వేరియం కిందకీ వచ్చింది. పని మాత్రం ఎక్కడైనా ఒకటే. నీళ్లు కిందికి వాటంతటవే దిగుతాయి, పైకి మనం ఎక్కించాలి.

ఇప్పుడు అసలు సమస్య. రాజుపాలెం నుంచి సూర్యలంక బీచ్‌కి వంద కిలోమీటర్ల పైనే. రోజూ సముద్రపు నీళ్లు తెచ్చి మార్చలేం. మరి ఒకసారి తెచ్చిన నీళ్లు, లేదా ఉప్పు కలిపి చేసిన నీళ్లు, పాడవకుండా నెలల తరబడి బతికుండాలంటే ఎలా? ఈ ప్రశ్న మనదే అనుకోకండి. దాదాపు 180 ఏళ్ల కింద లండన్ వాళ్లకీ ఇదే ప్రశ్న వచ్చింది.

అంతకుముందే 1832 ప్రాంతంలో, ఇటలీలోని సిసిలీ దీవిలో, మెస్సీనా ఊళ్లో జాన్ విల్‌ప్రో పవర్ అనే ఫ్రెంచి ఆవిడ గాజు తొట్లు చేయించింది. ఆవిడ మొదట్లో బట్టలు కుట్టే పని చేసేది. ఆర్గోనాట్ అని ఆక్టోపస్ జాతి జీవి ఒకటుంది. దాని పెంకు అదే కట్టుకుంటుందా, వేరే జీవి పెంకులో దూరుతుందా అని అప్పట్లో పెద్ద వాదన. ఆవిడ తొట్లో పెట్టి రోజూ చూసి, పెంకు దానిదే అని తేల్చింది. అయితే ఆవిడకి సముద్రం గుమ్మంలోనే ఉంది. నీళ్ల కష్టం లేదు.

కష్టం వచ్చింది ఆనా థిన్ అనే ఇంగ్లీషు ఆవిడకి. 1846లో టార్కీ అనే సముద్రతీర ఊరికి వెళ్లి, అక్కడి చిన్న పగడపు జీవుల్ని జాడీలో పెట్టుకుని లండన్ తెచ్చింది. లండన్‌లో సముద్రం ఎక్కడిది? నీళ్లకి గాలి తగలాలని ఆవిడకి అర్థమైంది. అప్పుడేం చేసిందంటే, ఇంట్లో పనమ్మాయిని కిటికీ దగ్గర నిలబెట్టి, రోజూ ఆ నీళ్లని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయించింది. మనం టీ కాఫీలు చల్లార్చడానికి రెండు గ్లాసుల్లో తిరగపోస్తాం చూడండి, అచ్చం అలా. జీవులు బతికాయి. తర్వాత తొట్లో సముద్రపు నాచు కూడా పెట్టింది. చరిత్రలో ఆనా థిన్ పేరు ఉంది. ఆ పనమ్మాయి పేరు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. నన్నడిగితే ప్రపంచంలో మొదటి రిటర్న్ పంపు ఆ అమ్మాయే. ఇవాళ మీ సంపులో గుయ్‌మని తిరిగే మోటారు చేసేది ఆ అమ్మాయి చేతులు చేసిన పనే.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్టు చేపలు, మొక్కలు, నత్తలు కలిపి పెడితే నీళ్లు నిలుస్తాయని చూపించాడు. 1853లో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అని పుస్తకం రాశాడు, ఇంగ్లండ్ మొత్తానికి పిచ్చి పట్టింది. అందరూ తొట్లు కొన్నారు. చాలామంది తొట్లలో చేపలు చచ్చి, నీళ్లు పచ్చబడి, కంపు కొట్టాయి. ఇప్పుడు రీల్స్ చూసి ట్యాంకు కొనేవాళ్ల పరిస్థితీ అంతే అనుకోండి.

ఇక్కడ మన హీరో వస్తాడు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. డబ్బున్న కుటుంబం కాదు. లండన్‌లో సముద్రపు జీవులూ తొట్లూ అమ్మే షాపు పెట్టాడు, 1862లో దివాలా తీశాడు. కానీ మనిషి ఆగలేదు. హాంబర్గ్ నగరంలో పెద్ద అక్వేరియం కట్టించాడు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియం ఆయన చేతిమీదే తెరుచుకుంది. జనం చూసింది పైన గాజు తొట్లు. లాయిడ్ బుర్ర అంతా ఉన్నది కింద. నేల కింద చీకట్లో పెద్ద రిజర్వాయర్. పైన తొట్లలో ఉన్న నీళ్లకంటే కింద ఎన్నో రెట్లు ఎక్కువ నీళ్లు. ఆవిరి ఇంజను పంపు వాటిని రాత్రీ పగలూ పైకి తోసేది, అవి తొట్లలోంచి పొర్లి మళ్లీ కిందికి చేరేవి. ఉప్పునీళ్లు లోహాన్ని తినేస్తాయి కాబట్టి నీళ్లు తగిలే చోట్ల గట్టిపరిచిన రబ్బరు వాడాడు.

ఎందుకు అంత నీళ్లు, ఎందుకు చీకటి? ఇది బాగా అర్థం చేసుకోవాలి. ఒకటి, నీళ్లు ఎక్కువుంటే ఏ తప్పు జరిగినా పల్చబడిపోతుంది. గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు వేస్తే నోట్లో పెట్టలేం, బిందెలో వేస్తే తెలియదు. రెండు, చీకట్లో పాచి పెరగదు. మూడు, నేల కింద చల్లగా ఉంటుంది. మన రెంటచింతల ఎండలు ప్రతి వేసవిలో న్యూస్‌లో వస్తాయి కదా. ఇక్కడ ఉప్పునీటి ట్యాంకు పెట్టేవాడికి ఆ మూడో పాయింటు ఎంత విలువైందో చెప్పక్కర్లేదు. అంటే మొట్టమొదటి సంపు ఫిల్టరు కాదు, స్కిమ్మరు కాదు. ఉత్త నీళ్లు. ఎక్కువ నీళ్లు, చీకట్లో. మీ దగ్గర డబ్బుల్లేకపోతే ఈ ఒక్కటి చేయండి చాలు.

లాయిడ్ తర్వాత ఇటలీలోని నేపుల్స్ పరిశోధన కేంద్రం అక్వేరియానికి కూడా పనిచేశాడు. ఆ ఆలోచన ప్రపంచమంతా పాకింది. మన వైపు ఎప్పుడొచ్చింది? 1909లో. మద్రాసు మెరీనా బీచ్‌లో అక్వేరియం తెరిచారు. దాని కోసం పట్టుబట్టినవాడు ఎడ్గార్ థర్‌స్టన్, ఎగ్మూరులోని మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటు. అప్పుడు మన పల్నాడు 1904లో కొత్తగా ఏర్పడ్డ గుంటూరు జిల్లాలో భాగం, మన రాజధాని మద్రాసే. కాబట్టి అది మన అక్వేరియం కూడా. 1919 దాకా మ్యూజియం వాళ్లు చూసుకున్నారు, తర్వాత ఫిషరీస్ డిపార్ట్‌మెంటుకి ఇచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 ఏప్రిల్‌లో, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి కదా. ఆ ఏడే, జపాన్ వాళ్లు వస్తారన్న భయంలో మద్రాసు అక్వేరియం మూసేశారు. మళ్లీ తెరవలేదు.

ఒక చిన్న పక్కదారి, తర్వాత మళ్లీ లైన్లోకి వస్తాను. థర్‌స్టన్ పనిచేసిన ఆ ఎగ్మూరు మ్యూజియంలోనే అమరావతి శిల్పాలు ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో కూడా కొన్ని ఉన్నాయి. ఆ శిల్పాల రాయిని పాత పుస్తకాల్లో "పల్నాడు మార్బుల్" అంటారు. నిజానికి మార్బుల్ కాదు, సున్నపురాయి. సున్నపురాయి ఎక్కడిది? సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. చేపలనేవి ఇంకా పుట్టకముందు మన పల్నాడు మీద సముద్రం ఉండేది. మాచర్ల, పిడుగురాళ్ల వైపు తవ్వేదీ, మన ఇళ్లలో పరిచేదీ, పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చేదీ ఆ సముద్రం అడుగునే. ఇక్కడ సముద్రం ఎక్కడుందిరా అని ఎవరైనా వెక్కిరిస్తే, కాళ్ల కింద చూడమనండి.

సరే, లైన్లోకి. లాయిడ్‌కి తెలియని విషయం ఒకటుంది. చేప వదిలే వ్యర్థం అమ్మోనియా అవుతుంది, అది విషం. నీళ్లలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియాని 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త వేరుచేసి చూపించాడు. దాన్ని మొదట వాడుకున్నది అక్వేరియం వాళ్లు కాదు, మురుగునీటి ఇంజనీర్లు. 1893లో ఇంగ్లండ్‌లో సాల్ఫర్డ్ దగ్గర, మురుగునీళ్లని రాళ్ల గుట్ట మీద వానలా చల్లి కిందికి కార్చారు. రాళ్ల మీద పట్టిన జిగురు పొరలోని బ్యాక్టీరియాకి గాలీ అందింది, ఆహారమూ అందింది. కింద నీళ్లు శుభ్రంగా వచ్చాయి.

ఆ మురుగు టెక్నిక్ మన హాల్లోకి రావడానికి ఇంకో తొంభై ఏళ్లు పట్టింది. 1986లో జార్జ్ స్మిట్ అనే ఆయన ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు. హాలెండ్‌లో ఇళ్లలో పగడపు దిబ్బల్లాంటి ట్యాంకులు పెడుతున్నారు, ఆ పద్ధతి ఇదీ అని. పైన గాజు ట్యాంకు, మూలనుంచి నీళ్లు పొర్లి పైపులో కింద పెట్టెలో పడతాయి. పెట్టెలో నీళ్లు వానలా ప్లాస్టిక్ బంతుల మీద కారతాయి, అడుగున పంపు తిరిగి పైకి తోస్తుంది. ఇంట్లో సంపు అనేది సామాన్యుడికి పరిచయమైంది దాదాపు ఇక్కడే. కొద్దిరోజులకే ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలతో, పాత ట్యాంకులతో సొంతంగా కట్టుకోవడం మొదలైంది.

తర్వాత దీనికి ఎదురు వాదన వచ్చింది. 1961లోనే ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన, ఫిల్టరే వద్దు, సముద్రంలోంచి జీవులతో సహా తెచ్చిన రాళ్లు పెట్టి గాలి బుడగలు ఇస్తే చాలు అని రాశాడు. లైవ్ రాక్ అంటారే, అదే. తర్వాత బెర్లిన్ వాళ్లు లైవ్ రాక్‌కి తోడు ప్రోటీన్ స్కిమ్మర్ పెట్టారు. నీళ్లలోకి సన్నటి బుడగలు కొడితే మురికి నురగలా పైకొస్తుంది, ఆ నురగ పారబోస్తారు. బంతులు అమ్మోనియాని నైట్రేట్ చేసి వదిలేస్తున్నాయి, ఆ నైట్రేట్ పేరుకుపోతోంది అని చాలామంది బంతులు పీకేశారు. పెట్టె మాత్రం మిగిలింది. ఖాళీ అయిన పెట్టెలో స్కిమ్మర్, హీటర్, నాచు గది పెట్టుకున్నారు. ఇప్పుడు మీరు ఫోన్లో చూసే సంపు డ్రాయింగులు అన్నీ ఆ మిగిలిన పెట్టె వారసులే.

ఇప్పుడు నా మాట వినండి. ఇక్కడే అసలు విషయం ఉంది. విదేశీ వీడియోల్లో "బంతులు పాత పద్ధతి, లైవ్ రాక్ వేసుకో" అంటారు. వాళ్లకి సరే. మనకి? 2001లో మన ప్రభుత్వం గట్టి పగడాల్ని, సముద్రపు గుర్రాల్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చింది. పులి ఉన్న లిస్టు అది. 2022 సవరణ తర్వాత కూడా అక్కడే ఉన్నాయి. మన సముద్రంలోంచి పగడం, పగడపు రాయి తీసినా, అమ్మినా, కొన్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు పడే కేసు. గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లో ఒకప్పుడు సున్నం కోసం కూడా పగడాల్ని తవ్వేశారు, అక్కడి దిబ్బలు బాగా దెబ్బతిన్నాయి. చట్టం ఊరికే రాలేదు. కాబట్టి ఎవరైనా మెసేజ్ పెట్టి "బ్రో, ఒరిజినల్ లైవ్ రాక్, కిలో ఇంత" అంటే ఫోన్ పక్కన పెట్టేయండి. ఇరవై ఏళ్ల కుర్రాడు సరదాకి కొన్న రాయితో కేసులో ఇరుక్కుంటే ఆ ఇల్లు ఏమవుతుంది?

అందుకే నేనంటాను: జార్జ్ స్మిట్ పెట్టె వాళ్లకి పాతబడిందేమో, మనకి కాదు. లైవ్ రాక్ దారి మూసుకుపోయినప్పుడు, బ్యాక్టీరియాకి ఇల్లు మనమే కట్టివ్వాలి. ఆ ఇల్లు సంపులో. సిరామిక్ రింగులు, స్పాంజి, ప్లాస్టిక్ బంతులు ఏవైనా సరే, సందులు ఎక్కువుండాలి. నైట్రేట్ పెరుగుతుందా? పెరుగుతుంది. వారం వారం కొంత నీళ్లు మార్చండి, ఒక గదిలో లైటు పెట్టి నాచు పెంచండి. క్లౌన్ ఫిష్ లాంటి చేపలు కొద్దిపాటి నైట్రేట్‌ని తట్టుకుంటాయి. ఆ చేపల్ని కూడా సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టినవి అడిగి కొనండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు క్లౌన్ ఫిష్‌ని తొట్లలో గుడ్లు పెట్టించి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. మరి మన నాపరాయి ముక్కలు వేసుకోవచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు. సముద్రంలో పుట్టిన రాయే కానీ చాలా చిక్కన, లోపల రంధ్రాలు ఉండవు. బ్యాక్టీరియాకి పైపై గోడ తప్ప గదులు దొరకవు.

పిడుగురాళ్ల పక్కన ఉన్నాం కాబట్టి సున్నం సంగతి కూడా చెప్పాలి. 1970లలో స్విట్జర్లాండ్‌కి చెందిన పీటర్ విల్కెన్స్ ట్యాంకులో ఆవిరైన నీళ్ల బదులు సున్నపు తేట పోయడం ప్రచారం చేశాడు. పెంకు కట్టే జీవులకి కాల్షియం అందుతుంది. జర్మన్‌లో దాని పేరు కాల్క్‌వాసర్. అంటే సున్నపు నీళ్లు, అంతే. ఆ పేరుతో డబ్బాలో అమ్ముతుంటే మనవాళ్లు ఏదో విదేశీ మందు అనుకుంటున్నారు! అయితే గోడకి వేసే సున్నం, తాంబూలం సున్నం తెచ్చి పోసేయకండి. వాటిలో ఇంకేం కలిసుంటాయో తెలియదు. పైగా సున్నపు తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. స్వచ్ఛమైనదైనా చుక్క చుక్కగా సంపులోనే పడాలి, చేపలున్న చోట కాదు. చేపలు మాత్రమే పెంచేవాళ్లకి అసలు దాని అవసరమే లేదు.

ఇక కట్టడం. నాది సింపుల్. కింద పాత మంచినీళ్ల ఫిష్ ట్యాంకు ఒకటి, 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 38 ఎత్తు. రెండు గాజు పలకలు సిలికాన్‌తో అడ్డంగా అతికించి మూడు గదులు చేశాను. నీళ్లు పడే గది, రింగుల గది, పంపు గది. సిలికాన్ కొనేటప్పుడు బూజు పట్టకుండా మందు కలిపినది తీసుకోకూడదు, ఆ మందు చేపకి విషం. ఇత్తడి, రాగి ఫిట్టింగులు వద్దు, అంతా పీవీసీ. ప్లాస్టిక్ టబ్బుతో కట్టేవాళ్లు గుర్తుపెట్టుకోండి, లీటరు నీళ్లు కిలో బరువు, పల్చటి టబ్బు పొట్ట ఉబ్బుతుంది. ఇంకోటి, మన దగ్గర పత్తి, మిర్చి చేలకి వాడిన మందు డ్రమ్ములు, క్యాన్లు చౌకగా దొరుకుతాయి. ఎన్నిసార్లు కడిగినా వాటిని వాడొద్దు. పురుగుని చంపే మందు రొయ్యని చంపకుండా ఉంటుందా?

అన్నిటికంటే ముఖ్యమైనది కరెంటు లెక్క. పంపు ఆగగానే పై ట్యాంకులో నీళ్లు పొర్లే అంచు దాకా కిందికి దిగుతాయి. పై ట్యాంకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు అనుకోండి. నీటిమట్టం 3 సెంటీమీటర్లు దిగితే 12 లీటర్లు. నా సంపులో ఒక సెంటీమీటరు ఎత్తుకి 1.8 లీటర్లు, కాబట్టి మట్టం దాదాపు 7 సెంటీమీటర్లు లేస్తుంది. పైపుల్లో మిగిలిన నీళ్లు దానికి అదనం. అంత ఖాళీ ఎప్పుడూ ఉంచాలి. ఇంకో ప్రమాదం, పైకెళ్లే పైపు కొస నీళ్లలో 10 సెంటీమీటర్ల లోతున ఉంటే, పంపు ఆగాక అదే పైపు వెనక్కి పీల్చడం మొదలుపెడుతుంది. పొలంలో పైపుతో నీళ్లు లాగినట్టే. అప్పుడు దిగేది 12 కాదు, 40 లీటర్లు. హాలంతా ఉప్పునీళ్లు. దీనికి మందు ఖరీదైన వాల్వు కాదు. ఆ పైపుకి నీటిమట్టానికి సరిగ్గా కింద చిన్న రంధ్రం వేయండి. మట్టం దిగగానే గాలి దూరి పీల్చడం ఆగిపోతుంది. ఆ రంధ్రం ఉప్పుతో, నాచుతో మూసుకుపోకుండా వారానికోసారి పుల్లతో పొడవాలి.

ఉప్పు గురించి రెండు ముక్కలు. లీటరుకి సుమారు 35 గ్రాములు, అంటే 200 లీటర్లకి దాదాపు 7 కిలోలు. వంటింటి ఉప్పు పనికిరాదు, సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఇంకా చాలా ఉంటాయి, మెరైన్ సాల్ట్ అని అమ్మేదే కొనాలి. మన బోరు నీళ్లలో వద్దు, ఆర్‌ఓ నీళ్లలో కలపండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి పంపు గదిలో మట్టం తగ్గితే మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే రోజురోజుకీ చిక్కబడుతుంది. సాలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటర్ కోసం ఎక్కడెక్కడో వెతక్కండి. బాపట్ల, ఒంగోలు, భీమవరం వైపు రొయ్యల రైతులకి సరుకులమ్మే ఆక్వా షాపుల్లో అడగండి. దేశంలో రొయ్యలు ఎక్కువ పండించేది మన రాష్ట్రమే, అక్కడ అందరికీ పీపీటీ లెక్కలు వచ్చు.

సంపు నింపిన రోజే చేపలు తేకండి. బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా అమ్మోనియా టెస్ట్ కిట్టుతో చూస్తూ ఉండండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి నిలిచాకే మొదటి చేప. ఆ ఆరు వారాల్లో రోజుకోసారి మెయిన్ స్విచ్ ఆపి, సంపు అంచు దగ్గర టార్చి పట్టుకుని కూర్చుని, నీళ్లు ఎక్కడిదాకా లేస్తాయో స్కెచ్ పెన్నుతో గీత గీయండి. వచ్చే ఎపిసోడ్‌లో నీళ్లు దిగే పైపు గుడగుడ చప్పుడు ఎలా ఆపాలో చూపిస్తాను.